ఏడు పారల వాగు

సతుర్నీనా పొద్దున్నే లేచి, గుండ్రటి టోపీ సర్దుకుని, పార భుజాన వేసుకుని జిస్కా వాగు దగ్గరికి వెళుతుంది. సరిగ్గా ఏడు పారల మట్టి తీస్తుంది. ఎనిమిదోది ఎత్తదు. ఎవరైనా అడిగితే ఆవుకి నీళ్ల దారి చేస్తున్నానంటుంది. గట్టు మీది ఆవు ఆ మాట తనకి సంబంధం లేనట్టు మొహం తిప్పుకుంటుంది.

వాగు తితికాకా సరస్సులో కలిసే చోట నేల మహా మెత్తన. వానలు పడితే చాలు, వాగు కొత్త దారి పడుతుంది. ఉత్తరపు గట్టు సతుర్నీనా ఊరిది, దక్షిణపు గట్టు ఇలారియో ఊరిది. కాందెలారియా మాత పండుగనాడు వాగు ఎక్కడ సరస్సులో కలిస్తే ఆ ఏడాదికి అదే పొలిమేర. ఎవరి వైపు పెరిగిన జమ్ము గడ్డి వాళ్ల పశువులకి. ఒక ఏడాది వాగు ఉత్తరానికి జరిగి సతుర్నీనా జమ్ములో సగం అవతలికి పోయింది. మేత లేక ఆవు ఎముకల గూడైంది. వాగును దక్షిణానికి నెట్టాలని ఆమె పార పట్టింది అప్పుడే.

అవతలి గట్టున ఎండ కాగుతూ కూర్చునే ఇలారియో ఊరుకునేవాడు కాదు.

"ఏం వదినా, వాగుకి జోల పాడుతున్నావా?"

"నీ గురకకి అది నిద్రపోతేగా మరిదీ!"

మరుసటి పండుగ దగ్గరపడేసరికి ఆమెకి ఆశ పుట్టింది. ఏడు పారలు పన్నెండయ్యాయి, పన్నెండు ఇరవై అయ్యాయి. పండుగ ముందురోజు కుండపోత వాన. తెల్లారి చూస్తే వాగు ఇలారియో జమ్మునే కాదు, అతని ఇంటిని కూడా చుట్టేసి, పెరటి వెనకనుంచి సరస్సులోకి పోతోంది.

రెండు ఊళ్లవాళ్లూ వచ్చి తలలు గోక్కున్నారు. చివరికి వాగు కలిసే చోట కొత్త పొలిమేర గుంజ పాతారు.

"సతుర్నీనా, జమ్మంతా ఇప్పుడు మన ఊరిదే!" అన్నారు ఆమె ఊరివాళ్లు.

ఆమె పొంగిపోయింది.

"ఇలారియో ఇల్లూ వాగుకి ఇవతలే పడింది, అతనూ మన ఊరివాడే. ఒడ్డున ఉన్నవి మీ రెండిళ్లే కనుక జమ్ము చెరిసగం."

ఆ ఊళ్లో పెద్దరికం ఇంటింటికీ వరసగా తిరుగుతుంది. నిరుడు సతుర్నీనాది. ఇప్పుడు ఆమె పక్కిల్లు ఇలారియోది కనుక ఈ ఏడాది వంతు అతనిదే.

పెద్దరికపు కర్ర చేతికి రాగానే అతను గొంతు సవరించుకున్నాడు. "రేపు ఊరంతా కలిసి వాగులో పూడిక తీయాలి. వదినా, పార తెచ్చుకో. నీకు అలవాటేగా."

"మరి నువ్వో?"

"పెద్ద మనిషి పార పడితే ఊరికి మర్యాదేనా?"

ఇప్పుడు సతుర్నీనాకి అరవై ఎనిమిదేళ్లు. వాగును మళ్లీ తమ రెండిళ్ల మధ్యకి రప్పించాలని రోజూ ఏడు పారలు తీస్తోంది, ఈసారి ఉత్తరం వైపు. ఆవు మాత్రం బాగా ఒళ్లు చేసింది.