ఢిల్లీశ్వరరావు పంచిన ఇరవై లక్షలు

పలాసలో జీడిపప్పు కంపెనీకి ఢిల్లీశ్వరరావు ఛైర్మన్. మందస వైపు పెద్ద భూస్వామి కుటుంబం. 2006లో జడ్పీటీసీ టికెట్ మీద మనసుపడ్డాడు. వాటాదారులంతా ఉద్దానం రైతులే. డివిడెండ్ ఏదని వాళ్లు ఎప్పటినుంచో నిలదీస్తున్నారు. కంపెనీ సొమ్మంతా జీడిపిక్కల నిల్వల్లో ఇరుక్కుపోయింది. దాంతో ఆయన తెలివిగా డబ్బుకు బదులు షేర్లే ఇచ్చాడు, ఉన్న ప్రతి షేరుకూ ఇంకొకటి. అన్నీ కలిపి వాటి విలువ ఇరవై లక్షలు.

ఆ కాగితాలు చేతికి రాగానే రైతులు దండలు వేశారు. ఆయన వద్దనలేదు. ‘రైతులకు ఇరవై లక్షలు పంచిన దాత’ అని గోడల మీద రాయించుకున్నాడు కూడా. నాలుగు రోజులు వాటిని చూసుకునేసరికి తానూ నమ్మేశాడు.

అందుకే వార్షిక నివేదిక చూసి మండిపడ్డాడు. ఆడిటర్ సుప్రజ టెక్కలి అమ్మాయి. ఆమె రాసిన క్యాష్ ఫ్లో లెక్కలో ‘చెల్లించిన డివిడెండ్’ ఎదురుగా ఏమీ లేదన్నట్టు అడ్డగీత ఉంది.

“ఏటమ్మా ఇది! ఇరవై లచ్చలు పంచినాను. నా పేరు సెడగొడతావేటి?”

“మీరు పంచింది షేర్లండి. రిజర్వులో ఉన్న లాభం వాటా మూలధనంలోకి మారింది, అంతే. బ్యాంకులోంచి పైసా కదల్లేదు. క్యాష్ ఫ్లోలో డబ్బు కదిలితేనే రాస్తాం. దీన్ని కింద నోట్సులో చూపించాను.”

“నోట్సులు ఎవులు సదువుతారమ్మా? పైనే ఎయ్యి.”

“వేస్తే బ్యాంకు నిల్వ ఇరవై లక్షలు తగ్గాలి. తగ్గలేదు. మరి పంచడానికి సొమ్ము ఎక్కడిదని ఆదాయపు పన్ను వాళ్లు అడిగితే ఏం చెబుతారు?”

ఢిల్లీశ్వరరావు గబగబా సంతకం పెట్టేశాడు.

నోట్సులు ఎవరూ చదవరన్న మాట నిజమే. కవిటి పాపారావు కూడా చదవలేదు. అదే టికెట్ కోసం తిరుగుతున్న ఆ వాటాదారు అడ్డగీత ఒక్కటే చూసి, నివేదిక పట్టుకుని సంతలన్నీ తిరిగాడు.

“గోడల మీద ఇరవై లచ్చలు, లెక్కల్లో సున్నా! మజ్జిలో ఎవులు మింగేసినారు?”

రైతులు కోపంతో ఊగిపోయారు. ఢిల్లీశ్వరరావు జీపు వేసుకుని ఊరూరా తిరగాల్సి వచ్చింది. కవిటి కొబ్బరితోటల్లో చెమటలు కక్కుతూ, చేతులు జోడించి మొరపెట్టుకున్నాడు.

“బాబూ! నాను ఎవులికీ ఒక్క పైసా ఇవ్వనేదు! దేవుడి మీద ఒట్టు, పైసా కూడా ఇవ్వనేదు!”

కొబ్బరికాయలు ఒలిపిస్తున్న వాటాదారు రత్నాలమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. “ఆ ముక్క దండ ఎయ్యకముందు సెప్పొచ్చు కదయ్యా!”

నవ్వులు రోడ్డుదాకా వినిపించాయి. అంత సిగ్గుపడిన రోజు ఆయన జీవితంలో ఇంకొకటి లేదు. టికెట్ పాపారావుకు వెళ్లింది.

మరుసటి ఏడాది జీడిపప్పు ధర పెరిగింది. కంపెనీ నిజంగానే డివిడెండ్ డబ్బు పంచింది, సుప్రజ దాన్ని క్యాష్ ఫ్లోలో రాసింది. ఢిల్లీశ్వరరావు మాత్రం ఆ సంగతి ఎక్కడా ఎత్తలేదు. ఇంట్లో భార్య గౌరీశ్వరి అడిగినా, తనకేమీ తెలియదన్నాడు.