లండన్ వజీరు, మా సామేలు తాత

మొన్న కంటి ఆపరేషన్‌కని నన్ను పట్నం తీసుకుపోయారు. చేతులు కడుక్కొమ్మని నర్సు ఇచ్చిన ఎర్ర సబ్బు వాసన ముక్కుకు తగలగానే నేను ఆ దవాఖానలో లేను. నారాయణఖేడ్ మిషన్ దవాఖాన వరండాలో, జల్లు పడి సగం తడిసిన గచ్చు మీద, ఒడిలో కచ్చకాయలు పోసుకొని కూర్చున్నాను. తొమ్మిదేళ్ల పిల్లను. లోపల మా నాయిన సీసాల్లోకి మందు వంపుతున్నాడు, బయట నల్లరేగడి వాసన, వంటసాల దిక్కు నుంచి కాలుతున్న జొన్నరొట్టె వాసన, వీటన్నిటి మీదుగా ఆ ఎర్ర సబ్బు వాసన.

నాయిన ఆ దవాఖానలో కంపౌండరు. దవాఖాన నడిపే తెల్ల దొరసానికి ఒక రేడియో ఉండేది. ధాన్యప్పెట్టె అంత ఉండేది అది. దాని బ్యాటరీ అయిపోతే బస్సు మీద జహీరాబాద్ పంపి కరెంటు ఎక్కించుకు రావాలి కనుక ఆమె దాన్ని ఊరికే మోగించేది కాదు. పొద్దుగూకే వేళ ఉర్దూ వార్తల కోసం మాత్రం వరండాలోకి తెచ్చి పెట్టించేది. నాయిన ఉర్దూ చదువుకున్నవాడు, విని మావాళ్లకు తెలుగులో చెప్పేవాడు. కాలి పుండుకు కట్టు కట్టించుకునే వంకతో ఒక పటేలు వచ్చి బల్ల మీద కూర్చునేవాడు. మా క్రిస్టియన్ వాడ నుంచి కూలి పని ముగించుకొని వచ్చినవాళ్లు మెట్ల మీద గొంగళ్లు పరుచుకునేవారు. అందరికంటే ముందు వచ్చేది మా సామేలు తాత, నాయినకు తండ్రి.

తాత మా వాడకు పెద్ద. ఆయన్ను ఎవరూ ఎన్నుకోలేదు. నేను పుట్టక ముందు గత్తర, అంటే కలరా, వచ్చి ఇంటింటా మనుషులు రాలిపోతున్నప్పుడు, ఆయన బీదర్ దాకా నడిచిపోయి మందు తెచ్చాడట, మోసేవాళ్లు లేని పీనుగలను తానే మోశాడట. అప్పటి నుంచి వాడలో పెండ్లి కుదిరినా, తగాదా తెగినా, మేము గుడి అనే మా చర్చిలో గంట మోగినా ఆయన చేతి మీదుగానే. గుడి తాళంచెవి ఆయన మొలతాడుకు వేలాడుతుండేది. నన్ను ఎత్తుకున్నప్పుడల్లా అది నా మోకాలికి చల్లగా తగిలేది.

జర్మనీ ఓడిపోయిన ఏడాది వానకాలంలో రేడియో ఒక వింత కబురు తెచ్చింది. లండన్‌లో ఓట్లు పడుతున్నాయట. లడాయి అంతా నడిపించి గెలిపించిన వజీరు మళ్లీ గద్దె మీద కూర్చోవాలా వద్దా అని జనం కాగితాలు వేస్తారట. నాయిన ఈ మాట చెప్పగానే మెట్ల మీద చుట్టలు ఆగిపోయాయి.

"లడాయి గెలిపిచ్చినోన్ని ఎవడన్న దించుతడా? పిచ్చి మాటలు గాకపోతే!" అన్నాడు తాత.

"ఆడ శానా పార్టీలున్నయే నాయినా. కూలినాలి జనం దిక్కు నిలవడ్డ పార్టీ ఒకటున్నదట. ఎటు మొగ్గుతరో చెప్పరాదంటున్నరు," అన్నాడు మా నాయిన.

"బాంబులు పడ్డనాడు ధైర్నం జెప్పిన మనిషిని గంత జల్దీ మరుస్తరా?"

పటేలు కట్టుకట్టిన కాలు సర్దుకుంటూ గొంతు తగ్గించాడు. "మెల్లగ మాట్లాడు సామేలూ. రాజ్యమేలేటోన్ని దించుడు ముచ్చట తాసిల్ల ఎవడన్న ఇన్నడంటే పరేషాన్ అయితది."

నైజాం రాజ్యంలో మాకు అప్పటికి ఓటంటే ఏమిటో తెలియదు. అందుకేనేమో ఆ ఓట్ల సంగతి మా వాడను పట్టి ఊపింది. ఓట్లు వేయడం అయిపోయినా, దూరదేశాల్లో ఉన్న సిపాయిల ఓట్లు ఓడల మీదా విమానాల మీదా రావాలి కనుక మూడు వారాలు పెట్టెలు తెరవరట. ఆ మూడు వారాలూ మా ఇళ్లలో వేరే ముచ్చట లేదు. నాట్లకు పోయే ఆడవాళ్లు, పుంటికూర తెంపేవాళ్లు, చూరు కింద తడవకుండా నులక పేనుకునేవాళ్లు, అందరూ లండన్ వజీరు గెలుస్తాడా ఓడుతాడా అనే. మేము ఆడపిల్లలం కచ్చకాయలాటలో కూడా ఒక జట్టుకు వజీరని, ఇంకో జట్టుకు కూలోళ్లని పేర్లు పెట్టుకున్నాం. నేను తాత మనవరాలిని కనుక వజీరు జట్టు.

దొరసానిది తెలుగు బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు. "మా ప్రధానమంత్రి తప్పక జయము పొందును" అనేది ఆమె. తాత తల ఊపేవాడు.

నాయనమ్మ మాత్రం తల ఊపలేదు. పొయ్యి ముందు రొట్టె తట్టుతూ, "వానకాలం గొంగడి వానకాలానికే. ఎండ వడ్డంక గూడ కప్పుకొమ్మంటే ఎవలు కప్పుకుంటరు?" అంది.

"నీకేం తెలుసు, ఊకో," అన్నాడు తాత.

పెట్టెలు తెరిచిన మరునాడు పొద్దున దొరసాని వరండాలోకి వచ్చినప్పుడు ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. మందుకోసం నిలబడ్డవాళ్లందరూ ఆమె వైపే చూశారు. "ఆయన ఓడిపోయెను," అంది.

తాత, "మరి గాయినను ఏం జేస్తరమ్మా? జైల్ల ఏస్తరా?" అని అడిగాడు.

దొరసానికి ప్రశ్న అర్థం కాలేదు. నాయిన విడమరిచి చెప్పాక ఆ ఏడుపులోనే నవ్వింది. "లేదు, లేదు. రాజునొద్దకు పోయి పదవి విడిచెను. తన యింటికి వెళ్లును."

"ఫౌజంత ఆయన చేతిలుండంగ?"

"అవును."

"ఇంటికి పోతడా," అన్నాడు తాత తనలో తాను. ఆ రోజంతా వాడలో కనిపించిన ప్రతి మనిషికీ అదే చెప్పాడు. ఓడిన సంగతి కాదు, ఇంటికి పోయిన సంగతి.

ఆ ఏడాదే యాకోబు షోలాపూర్ మిల్లు నుంచి తిరిగివచ్చాడు. ముప్పై ఏళ్లు నిండనివాడు, తాతకు అన్న కొడుకు. అధికార్లు ఊరికి వచ్చినప్పుడల్లా మావాళ్లు ఉత్తపుణ్యానికి వాళ్ల మూటలు మోయాలి, గుర్రాలకు గడ్డి కోయాలి. ఇగ వెట్టికి పోవద్దన్నాడు యాకోబు. ఇప్పుడే తొందర వద్దు, ఉన్న ఇండ్లు కూలుతాయన్నాడు తాత. ఇంతకు ముందైతే తాత మాటతో ఆ ముచ్చట ముగిసేది. ఈసారి పడుచువాళ్లు సగం మంది యాకోబు వైపు చేరారు. గుడిలో రెండు ఆదివారాలు కేకలు లేచాయి. మూడో ఆదివారం తాతే లేచి నిలబడ్డాడు.

"లొల్లి ఎందుకు? ఓటు పెడుదాం. పెద్దగ ఎవలుండాల్నో మీరే చెప్పున్రి."

"ఆడోళ్లు గూడనా?" అన్నారెవరో వెనక నుంచి.

"లండన్ల ఆడోళ్లేస్తలేరా? గత్తరల మన నోట్ల నీళ్లు వోసినోళ్లు ఎవలు?"

కోతల పండుగనాడు ఓటు. గుడి స్తంభాలకు జొన్నకంకులు కట్టి, మెట్ల మీద గుమ్మడికాయలూ సీతాఫలాలూ పేర్చారు. ఆడవాళ్లు ఇళ్ల నుంచి తెచ్చిన గరిజెల వాసన గుడంతా పట్టేసింది. పక్క గదిలో రెండు ముంతలు పెట్టారు. తాత ముంతకు ఎర్రగుడ్డ, యాకోబు ముంతకు తెల్లగుడ్డ, ఒక్కో గుడ్డ మధ్యన గింజ పట్టేటంత రంధ్రం. పెద్దవాళ్లందరికీ తలా ఒక కందిగింజ ఇచ్చాడు నాయిన. ఒక్కొక్కరే పోయి వచ్చారు. నాయనమ్మ పిడికిలి బిగించుకొని లోపలికి పోయి, ఎవరి ముఖమూ చూడకుండా బయటికి వచ్చింది.

చాప మీద గింజలు పోసి లెక్కపెట్టారు. తాత కుప్ప నాలుగు గింజలు తక్కువైంది. నాయిన రెండోసారి లెక్కపెట్టాడు. అంతే వచ్చింది.

తాత లేచాడు. మొలతాడు నుంచి తాళంచెవి విప్పబోతే ముడి బిగుసుకుపోయి చాలాసేపు రాలేదు. ఎవరూ సాయం పోలేదు. చివరికి పండ్లతో తెంపి యాకోబు చేతిలో పెట్టాడు. యాకోబు వంగి కాళ్లు మొక్కబోయాడు.

"లే. గంట గట్టిగ గుంజకు, తాడు పాతది," అన్నాడు తాత.

ఆ మరుసటి ఆదివారం గంట వేరే చేతుల్లో మోగింది. తాత ఇంట్లోనే పొయ్యి పక్కన కూర్చున్నాడు. నాయనమ్మ పెనం మీది రొట్టె తీసి, పుంటికూర పప్పు వేసి ముందు పెట్టింది. ఆయన మొదటి ముక్క తుంచగానే, "నా గింజ యాకోబు ముంతల ఏసిన," అంది.

తాత చెయ్యి ఆగింది. "ఎందుకే?"

"ఎవలింట్ల సావయినా లగ్గమయినా నువ్వే. దగ్గి దగ్గి రొమ్ము పగులుతున్నది. ఇంట్ల కూసోమని నేనంటే ఇంటివా ఎన్నడన్న? ఇగ నలుగుర్ల కలిసి చెప్పిన."

తాత రొట్టె అక్కడే పెట్టి లేచిపోయాడు. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. నాకు భయమేసి ఇద్దరి మధ్యా పడుకునేదాన్ని. మూడో రోజు పొద్దున ఆయనే వచ్చి పొయ్యి ముందు కూర్చొని, "ఇంకింత కారమెయ్యి," అన్నాడు. నాయనమ్మ మిరపకాయ నూరింది. ఆ చలికాలమంతా వాళ్లిద్దరూ అక్కడే కూర్చొని మాట్లాడుకోవడం నాకు గుర్తు. అంతకు ముందు వాళ్లు అంతసేపు మాట్లాడుకోగా నేను చూడలేదు.

ఎండాకాలంలో ఒక అధికారి మనుషులు వెట్టికి పిలిస్తే యాకోబు రానన్నాడు. అతన్ని తీసుకుపోయి ఠాణా ముందు ఎండలో కూర్చోబెట్టారు. కబురు తెలిసి తాత కర్ర పట్టుకొని బయలుదేరాడు. "నీకెందుకయ్యా, నువ్విప్పుడు పెద్దవు గాదు," అంది నాయనమ్మ. "పెద్దను గాను. వాడు మన పెద్ద," అన్నాడు తాత. పోయి యాకోబు పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆయన వెనక వాడంతా వచ్చి కూర్చుంది, తాతకు ఓటేసినవాళ్లు, వేయనివాళ్లు. పొద్దు వాలేసరికి ఠాణా వాళ్లకు విసుగు పుట్టి పొమ్మన్నారు. తాతను యాకోబు భుజాల మీద ఎత్తుకొని తెచ్చాడు, నడవలేకపోతే.

సర్కారు ఓటు మా ఊరికి రాకముందే తాత పోయాడు. ఇప్పుడు ఓట్లప్పుడు నన్ను బండి మీద తీసుకుపోతారు, మీట నొక్కి వస్తాను. దవాఖాన బంగళా ఉన్నచోట దుకాణాలు లేచాయి. గుడి కొత్తది, గంట స్థానంలో మైకు. కందిగింజ వేసినవాళ్లలో ఒక్కరూ లేరు, వాళ్లను చూసినదాన్ని నేనొక్కతినే మిగిలాను. తాత సమాధి మీద యాకోబు ఒక రాయి నిలబెట్టించి, దాని మీద రెండే మాటలు చెక్కించాడు: సామేలు, పెద్ద. బతికినన్నాళ్లూ ఏటా దాన్ని తానే కడిగేవాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ రాయి ఎటు పోయిందో ఎవరికీ తెలియదు.