హెస్టరమ్మ ఫిరంగి

మా డెవన్ పల్లెలో హెస్టరమ్మను ఎరగనివాళ్ళు లేరు. అరవై దాటినా ప్రతి శనివారం చర్చి ఆవరణలోని జర్మన్ ఫిరంగికి, తన ఇంటి ఇనప పొయ్యికి పూసినట్టే నల్ల పాలిష్ పూసి, ముక్కు మీద మసితోనే ఇంటికి వెళ్తుంది. ఆమె ముగ్గురు కొడుకులూ జర్మన్లతో జరిగిన యుద్ధంలో ఫ్రాన్సులోనే పోయారు. ఒక్కరి శవమూ ఇల్లు చేరలేదు. వాళ్ళ పటాలం గెలుచుకొచ్చిన ఆ ఫిరంగిని, యుద్ధం గుర్తులిక వద్దనుకుని ఊరు బాతుల మడుగులోకి తోసేస్తే, పన్నెండు మందిని కూడగట్టి పైకి లాగించిందీ, కమ్మరి చేత దాని మీద నెడ్, వాల్టర్, జెస్సీ అని చెక్కించిందీ ఆవిడే. తీరా చర్చి ఆవరణలో పెట్టడానికి లాక్కొస్తే, గేటు దగ్గర పాదిరిగారు అడ్డం నిలబడ్డారు.

"హెస్టరమ్మా, దేవుడి నేల మీద ఆయుధమా?"

"లోపల సమాధి మీద పడుకున్న ఆ రాతి దొరగారి చేతిలో ఉన్నదేమిటయ్యగారూ, గరిటా? ముందు ఆ కత్తి బయట పెట్టించండి, నా ఫిరంగి నేనే తోసుకుపోతాను."

తాడు పట్టుకున్నవాళ్ళు పకపకా నవ్వారు. పాదిరిగారు నవ్వలేదు. వంగి, ఆ మూడు పేర్లూ పైకి చదివారు. తర్వాత గేటు బార్లా తెరిచి, కోటు విప్పి, తనూ తాడు పట్టుకున్నారు.

"గట్టిగా లాగండయ్యగారూ," అంది హెస్టరమ్మ, "ముగ్గురు మగపిల్లల బరువు మరి!"