ముత్తమ్మ పార్సిల్ మానిన గురువారం

గురువారం వచ్చిందంటే ముత్తమ్మకు ఎదురింటి సూర్యప్రభను చూసి కడుపు మండేది.

సూర్యప్రభది తెనాలి. భర్త పోయాక హైదరాబాద్ వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో పనికి కుదిరింది. గురువారం ఆమెకు సెలవు. తలంటుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, కొత్తపేటలోని టిఫిన్ హోటల్‌కు పోయి, బల్ల ముందు ఒక్కతే కూర్చుని నెయ్యి దోసె తిని, కాఫీ తాగి మన్సూరాబాద్ వచ్చేది. అప్పటికి ముత్తమ్మ కుట్టుమిషన్ వదిలేసి గేటు దగ్గర సిద్ధంగా ఉండేది.

"ఒక్కదానివే తిన్నవా అక్కా?"

"ఒక్కదాన్నేనండీ. ఎంత హాయిగా ఉంటుందో!"

ఆ హాయి అన్న మాట ముత్తమ్మకు పొద్దూకేదాకా గుచ్చుకునేది. నల్లగొండ పల్లె నుంచి కాపురానికి వచ్చి పద్దెనిమిదేళ్లు. ఇంటిల్లిపాదికీ పెట్టకముందు ఆమె ముద్ద నోట్లో పెట్టుకున్నది లేదు. ఎప్పుడన్నా భర్త జానయ్య హోటల్‌కు తీసుకుపోయినా, పిల్లలు వదిలేసింది తినేసరికే కడుపు నిండిపోయేది. అట్లాంటి మనిషికి కుళ్లు రాకుండా ఉంటుందా? వచ్చిన కుళ్లు కడుపులోనే ఉంటుందా? నల్లా దగ్గర నలుగురు చేరితే చాలు, అందుకునేది.

"ఆడిమనిషి ఒక్కతే హోటల్ల కూసోని తినుడేంది? వండుకునే చేతులు లేవా? ఎవల కోసం కూసుంటదో ఏమో!"

విని విని ఒకరోజు జానయ్యకు విసుగొచ్చింది. "గంత మంటెందుకే నీకు? నువ్వు గూడ పోయి తినరాదు? నేనేమన్న వద్దన్ననా?"

దాంతో మరీ చిక్కొచ్చిపడింది. మొగుడు వద్దంటే ఆ వంకతో ఇంట్లో ఉండిపోవచ్చు. పొమ్మన్నాక పోక తప్పలేదు.

పోయింది. కొత్తపేట హోటల్ గడప దాటగానే బల్లల దగ్గరున్న వాళ్లంతా తననే చూసి ఏవో మాటలు అంటున్నట్టు చెవుల్లో మోగింది. సర్వర్ వచ్చి "ఎంతమందమ్మా?" అన్నాడు. "పార్సిల్" అనేసింది. రెండు దోసెలు పొట్లం కట్టించుకుని ఇంటికి వస్తే పిల్లలూ జానయ్యా తినగా ఆమెకు మెత్తబడిన అంచు ముక్క మిగిలింది. ఆ తర్వాత రెండుసార్లు పోయింది. రెండుసార్లూ పార్సిలే.

అవి తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఒక ఆదివారం వంటా వార్పుకు పిలుపు వచ్చింది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే తిని బండ్లు కదలకుండా చేయాలి. ముత్తమ్మ వాడకట్టు ఆడవాళ్లను వెంటేసుకుని ఎల్‌బీ నగర్ చౌరస్తాకు పోయింది. విజయవాడ రోడ్డు నడిమధ్యలో మూడు రాళ్ల మీద గుండిగ ఎక్కించి కిచిడీ వండింది. ఒకవైపు పోలీసులు, ఒకవైపు టీవీ కెమెరాలు. కొంగు నడుముకు దోపుకుని, విస్తరాకు ముందేసుకుని తారురోడ్డు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

బస్సులు ఆగిపోవడంతో దుకాణం నుంచి నడిచి వస్తున్న సూర్యప్రభ ఆమె కంటపడింది.

"రా అక్కా, ఇంత తిని పో!"

"అమ్మో, ఇంతమందిలోనా! నాకు ముద్ద దిగదండీ. మీకు భయం వేయదూ?"

"భయమెందుకు? మరి నువ్వు ఒక్కదానివే ఎట్ల తింటవు?"

"మొదటిసారి వణికిపోయాను ముత్తమ్మగారూ. చూసినవాళ్లు ఏమంటారోనని."

"ఎవలన్న ఏమన్నరా మరి?" ముత్తమ్మ ఆశగా అడిగింది.

"హోటల్లో ఎవరూ ఏమీ అనలేదు." సూర్యప్రభ చెమట తుడుచుకుంటూ నవ్వింది. "అన్నది మీరొక్కరే. నల్లా దగ్గర."

ముత్తమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. సూర్యప్రభ మాత్రం కోపమేమీ లేకుండా, ఎండ మండిపోతోందంటూ వెళ్లిపోయింది. హోటల్ గడప దగ్గర తన చెవుల్లో మోగిన మాటలు ఎవరివో ముత్తమ్మకు అప్పుడు తెలిసింది. ఎవల కోసం కూసుంటదో ఏమో! అక్షరం పొల్లు పోకుండా తనవే.

వచ్చిన గురువారం, సూర్యప్రభ తలంటుకునే లోపే ముత్తమ్మ కొత్తపేటలో ఉంది.

"పార్సిలేనా అమ్మా?" సర్వర్ గుర్తుపట్టాడు.

"కాదు. ఈడనే తింట. ఒక్కదాన్నే." గొంతు కొంచెం పెద్దగానే వచ్చింది. పక్క బల్ల దగ్గర పేపరు చదువుకుంటున్న ఆయన తల కూడా ఎత్తలేదు.

దోసె వచ్చింది. అంచు విరిస్తే ఫెళ్లుమంది. నెయ్యి ఇంకా చిటపటలాడుతోంది. మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే ముత్తమ్మకు సంతోషం కంటే ముందు ఒళ్లు మండింది. ఇన్ని గురువారాలూ సూర్యప్రభ తిన్నది ఇదా! తను మెత్తటి తోలు ముక్కలు నమిలినన్నాళ్లూ!

సగం తినేసరికి సూర్యప్రభ వచ్చింది. మొహం విప్పారింది. "అరె, మీరా! ఉండండి, నేనూ ఇక్కడే కూర్చుంటా" అంటూ ఎదుటి కుర్చీ లాగబోయింది.

ముత్తమ్మ ఎడమచేత్తో ఆ కుర్చీని గట్టిగా పట్టుకుంది.

"ఏమనుకోకక్కా. జర ఆ బల్ల కాడ కూసో. నేను ఒక్కదాన్నే ఒచ్చిన."