మబ్బులో రాసిన మాట

సౌదీలోని నజ్రాన్ బస్టాండులో నా పక్కన కూర్చున్న చైనా పెద్దాయన ఒళ్లో కాగితం పెట్టుకుని నల్ల సిరాతో కొండలు గీస్తున్నాడు. సగం కాగితం ఖాళీగానే ఉంది.

"ఖలాస్?" అయిపోయిందా అని అడిగాను.

ఖాళీ చోటు చూపించి, వచ్చీరాని అరబ్బీలో "మబ్బు" అన్నాడు. మళ్లీ చూశాను. ఆ తెలుపులోంచి కొండ ఆకాశమంత లేచింది. ఒళ్లు జలదరించింది.

కొండ కింద గుడిసెలో చీమంత మనిషి. కొలువు వదిలి చదువుకోవడానికి వచ్చిన పండితుడని మాటలూ సైగలూ కలిపి చెప్పాడు. నాకూ అలాంటి ఏకాంతమే ఇష్టం. అందుకే కాసేపటి క్రితం ఒకతను, "అన్నా, మనోళ్లేనా? కొత్తగచ్చిన. జిద్దా బస్సు ఏడుంటది?" అంటే, తెలుగు రాదని హిందీలో చెప్పి తప్పించుకున్నాను.

పెద్దాయన వేలు బొమ్మలోని చిన్న వంతెన మీదికి జరిగింది. అక్కడ ఇంకొకడు గుడిసెకే వస్తున్నాడు. తలుపు తెరిచే ఉంది.

"సదీక్," స్నేహితుడు, అన్నాడు.

తర్వాత కుంచె నా చేతికిచ్చి మబ్బులో రాయమన్నాడు. చూసినవాళ్లు బొమ్మ మీదే ఒక మాట రాయడం వాళ్ల ఆచారమట. "ఎంత పెద్ద కొండ" అని రాశాను.

జిద్దా బస్సు దొరక్క తిరిగొచ్చిన ఆ కొత్త మనిషి నా భుజం మీదుగా చూశాడు.

"గిప్పుడచ్చిందా అన్నా, తెలుగు?"

అతని సంచీ అందుకుని జిద్దా బస్సు దాకా నడిచాను. వెనక్కి చూస్తే, పెద్దాయన నా అక్షరాలు ఆరడానికి మెల్లగా ఊదుతున్నాడు.