తలుపు వేసి తీసిన బీపీ

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను కొత్తగూడెం నుంచి భద్రాచలం వైపు, అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి హెల్త్ సూపర్‌వైజర్‌గా వేశారు. పైన ఒక డాక్టరు, కింద ఇద్దరు ఏఎన్ఎంలు. డాక్టరు వయసు ఇరవై ఏడు, నా సర్వీసు ఇరవై తొమ్మిది. అందుకని ఆయన ఆజ్ఞలు కూడా ‘అన్నా’ అనే మొదలుపెట్టేవాడు. తర్వాత రెండేళ్లకు నేను స్వచ్ఛందంగా పదవీ విరమణ చేశాను. నేను చెప్పేవాటిలో సగం కోతలని అక్కడ పేరుంది. ఇది మిగతా సగంలోది.

జులైలో మౌనిక అనే ఫారెస్ట్ బీట్ ఆఫీసరు వచ్చింది. ఇరవై నాలుగేళ్లు, తిరుమలాయపాలెం దగ్గర రైతుల ఇంటి పిల్ల, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. అడవి అంచు క్వార్టర్‌లో ఒక్కతే ఉండేది. ఫోన్ సిగ్నల్ కావాలంటే చెక్‌పోస్టు దాకా నడవాలి. గుండె దడ, అరచేతుల్లో చెమట, నిద్ర లేదు. మెడికల్ లీవు పెట్టి ఇంటికి వెళ్లొచ్చింది. మళ్లీ డ్యూటీలో చేరాలంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు బీపీ చూసిగాని మా డాక్టరు సంతకం పెట్టడు. మూడుసార్లూ ఎక్కువుంటే మెడికల్ బోర్డుకు రాస్తాడు. ప్రొబేషన్‌లో ఉన్న మనిషి కాగితం బోర్డుకు వెళ్తే ఎప్పుడు తిరిగొస్తుందో ఆ కాగితానికే తెలియదు.

బీపీ తీయడానికి ఒక విధానముంది. వీపు ఆనించి, చెయ్యి గుండె ఎత్తున పెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. అందుకు డ్రెస్సింగ్ రూం కేటాయించి, తలుపు వేసి, బయట నిలబడి నేను గడియారం చూసేవాణ్ణి. మొదటిసారి నూట యాభై రెండు బై తొంభై ఎనిమిది, నాడి నూట పద్దెనిమిది. రెండోసారి ఇంకాస్త ఎక్కువ. థైరాయిడ్, రక్తం, ఈసీజీ అన్నీ బాగున్నాయి. డాక్టరు బోర్డుకు కాగితం రాసి, సంతకం ఒక్కటే ఆపాడు.

మూడోసారి బుధవారం పడింది. అది టీకాల రోజు, డ్రెస్సింగ్ రూం నిండా తల్లులూ పిల్లలూ. మౌనికను వరండా బెంచీ మీద ఇద్దరు అవ్వల మధ్య కూర్చోబెట్టి, మాట్లాడొద్దని చెప్పాను. అవ్వలకు చెప్పడం మరిచాను.

“డ్రెస్సు గింత లూజున్నదేంది బిడ్డా, తింటలేవా?” అంది ఒకావిడ.

“ఒక్కదానికి ఏం వండుకుంట అవ్వా. దడకు నిద్ర గూడ వస్తలేదు.”

“ఇంటికాడ గూడ గిట్లనే దడొస్తదా?”

“లేదు. ఆడ మా అమ్మ తిట్లు వినేసరికే పొద్దువోతది.”

ఇన్ని పరీక్షలు చేసిన మేము ఆ ప్రశ్న అడగలేదు.

రెండో అవ్వ తన మనవణ్ణి మౌనిక ఒళ్లో పడేసింది. వాడు ప్రభుత్వ యూనిఫారం తడిపాడు. నేనూ ఊరుకోలేక, మలేరియా డ్యూటీలో ఉండగా ఒక ఎలుగుబంటి నా బండి వెనక సీటెక్కి, వంతెన దగ్గర దిగిపోయిందని చెప్పాను.

“కేసు ఎవరి మీద రాయాలె సార్? ఎక్కినందుకు దాని మీదనా, హెల్మెట్ ఇయ్యనందుకు మీ మీదనా?” అంది మౌనిక. ఆమె నాతో అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు.

బీపీ నూట ఇరవై నాలుగు బై ఎనభై. నాడి ఎనభై రెండు.

మిషను పాడైందనుకుని నా చేతికి కట్టుకున్నాను. నూట అరవై చూపింది. నాకది మామూలే కాబట్టి మిషను బాగున్నట్టే.

డాక్టరు నమ్మలేదు. మాట్లాడితే బీపీ పెరుగుతుందిగాని తగ్గదన్నాడు. పుస్తకంలో ఉన్నదీ అదే. టీకాలు అయ్యాక డ్రెస్సింగ్ రూంలో తలుపు వేసి ఆమె బీపీ మళ్లీ తీయించాడు. నూట నలభై ఎనిమిది. ఆ అంకె చూసి, మౌనికను బయట కూర్చోమని, తనే లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఐదు నిమిషాలకు పిలిచి పట్టీ కట్టమన్నాడు. నూట నలభై ఆరు. ఆయనా క్వార్టర్‌లో ఒక్కడే. కూరగాయలు కొనగా చూసినవాళ్లు లేరు.

“అన్నా, ఆ అవ్వలు పోయిన్రా?”

“లేదు సార్, ఆటో కోసం కూసున్నరు.”

వెళ్లి వాళ్ల మధ్య కూర్చున్నాడు. పెళ్లెప్పుడని ఒకావిడ, జీతమెంతని ఇంకొకావిడ నిలదీశారు. ఈసారి నూట ఇరవై ఎనిమిది.

బోర్డు కాగితం చింపేశాడు. అన్ని అంకెలూ రిజిస్టరులో ఎక్కించి ‘ఫిట్’ అని రాశాడు. ప్రతి బుధవారం టీకాల వేళకు వచ్చి బీపీ చూపించుకోవాలనీ, పక్క బీటులోని మహిళా ఆఫీసరుతో కలిపి క్వార్టర్ ఇస్తే మంచిదనీ కింద చేర్చాడు. ఫారెస్ట్ రేంజి ఆఫీసులో మొదటిది వెంటనే ఒప్పుకున్నారు. రెండోదానికి నాలుగు నెలలు పట్టింది. మౌనిక ఉద్యోగం నిలిచింది. దడ పూర్తిగా పోలేదు, తగ్గింది. బుధవారాలు డాక్టరు కుర్చీ కూడా వరండాలోకి వచ్చేది.

తర్వాత ఆ విధాన పత్రం తీసి చదివాను. రోగి ఐదు నిమిషాలు మాట్లాడకుండా, ప్రశాంతంగా కూర్చోవాలని ఉంది. తలుపు వేయమని ఎక్కడా లేదు, అది మేమే వేశాం. అప్పటినుంచి దడ అంటూ వచ్చిన కుర్రవాళ్లను, నిన్న ఎవరితో మాట్లాడావని ముందు అడిగేవాణ్ణి. ఓపీ చీటీలో ఆ జవాబుకు గడి లేదు. వయసు పక్కన రాసేవాణ్ణి.