చిన్నాన్న తాగిన నీళ్లు

మొన్న చేపల కోసం జువ్వలదిన్నె హార్బరుకు పోయినప్పుడు, ఒక బోటులోకి ఐసు ఎక్కిస్తున్నారు. చెప్పుల్లేకుండా ఐసు పొడి మీద నిలబడ్డ పనివాడొకడు కాలు మార్చి కాలు వేస్తూ, "కాళ్లు ఉండాయో పోయినాయో తెలీడం ల్యా అన్నా" అని పక్కవాడితో అంటూ నవ్వుతున్నాడు. వంజరం చేప బేరం సగంలో వదిలేసి నేను వాడి కాళ్లకేసే చూస్తూ ఉండిపోయాను. "తీసుకుంటావా అక్కా, పోతావా?" అని చేపలామె కసిరితే గాని ఈ లోకంలోకి రాలేదు. మా చిన్నాన్న కూడా ఆ మాటే అనేవాడు. కాకపోతే నవ్వేవాడు కాదు.

చిన్నాన్న మా నాన్నకు ఒక్కగానొక్క తమ్ముడు. విడవలూరు దగ్గర, ఒకవైపు వరి, ఇంకోవైపు సముద్రం ఉన్న ఊరు మాది. అక్కడ చలి అంటే తెల్లవారుజామున దుప్పటి మెడదాకా లాక్కునేంత, అంతకు మించి ఎవరికీ తెలియదు. అట్లాంటి ఊరి మనిషి పటాలంలో చేరి, కాలిబంటుగా మంచుకొండలు ఎక్కాడు. పెళ్లయిన ఏడాదికే యుద్ధం వచ్చింది. వార్తల్లో నోరు తిరగని కొండల పేర్లు వినిపించగానే నాయనమ్మ రేడియో కట్టేసేది. కట్టేస్తే యుద్ధం ఆగుతుందన్నట్టుండేది ఆమె మొహం. చివరికి ఆయన ఆసుపత్రి నుంచి చేతికర్రతో వచ్చాడు. ఎడమకాలికి వేళ్లు లేవు. మంచు తినేసిందని చెప్పాడు.

ఊరంతా చూడటానికి వచ్చింది. "ఎంతమందిని కాల్చినావబ్బాయా?" అని ఒక పెద్దాయన అరుగు మీద సర్దుకుని కూర్చున్నాడు.

"శత్రువు మొహం నేను చూసిందే లేదు పెదనాయనా. బూట్లు ఆరబెట్టుకునే దానికే సరిపోయింది."

ఆ పెద్దాయన కాఫీ కూడా పూర్తిగా తాగకుండా లేచిపోయాడు.

కానీ నిజం అదే. చిన్నమ్మ ఆ కాలికి నూనె రాస్తున్నప్పుడు కొంచెం కొంచెంగా చెప్పేవాడు. కంచరగాడిదలు కొండ కిందే ఆగిపోతాయి, ఆపైన బరువంతా మనిషి వీపు మీదే. నాలుగడుగులు వేస్తే ఊపిరి అందదు. అంత ఎత్తున నీళ్లు మరుగుతాయిగానీ అన్నం ఉడకదు, పలుకులే నమిలి మింగాలి. చొక్కా నిండా పేలు. తడిసిన బూట్లు విప్పితే కాళ్లు ఉబ్బి మళ్లీ ఎక్కవు, విప్పకుంటే లోపలే మొద్దుబారతాయి. "చావు గురించి తలుచుకునే తీరికుండదు మే. పొడి మేజోళ్లు ఎట్టా దొరుకుతాయా అనే ఆలోచనే" అనేవాడు.

ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. అన్నం తినేటప్పుడు పక్కనున్న నీళ్లు చివరిదాకా ముట్టేవాడు కాదు. పొలమారినా సరే. నేను పురిటికి వచ్చి ఉన్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఆయనకు దగ్గు తెర ముంచుకొస్తే గ్లాసు చేతికిచ్చి, "ముందు తాగు చిన్నాన్నా, నీళ్లతో ఏంది నీకు పగ?" అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి చెప్పాడు.

అక్కడ ఆయనకు ఒక జతగాడు ఉండేవాడు. తడ దాటితే వచ్చే ఒక తమిళ పల్లెవాడు. సగం తెలుగు, సగం తమిళంతో ఇద్దరికీ బాగా కుదిరింది. మంచు కరిగిస్తే మందుగుండు కంపు కొట్టేది. అందుకని రోజూ ఒకరు కిందున్న ఊట దగ్గరికి పోయి డబ్బాతో నీళ్లు తేవాలి. ఆ దారి మీద గుండ్లు పడుతుండేవి. ఆరోజు వంతు చిన్నాన్నది. కాళ్లు ఉబ్బి బూట్లు ఎక్కలేదు. "నువ్వు స్టవ్వు ముట్టించు, నేను తెస్తా" అని ఆ అబ్బాయి డబ్బా తీసుకుని పోయాడు.

తిరిగి ఎక్కివస్తుంటే గుండు పడింది. డబ్బా ఒక రాతికి ఆనుకుని నిలబడే ఉంది. మనుషులు పోయి ముందు అతన్ని, తర్వాత డబ్బాని పైకి తెచ్చారు. ముందురోజు నుంచి ఎవరి గొంతులోనూ చుక్క పడలేదు.

"టీ పెట్టినాం పాపా. వాడు పక్కనే పండుకోనుండాడు, దుప్పటి కప్పినాం. అందరం తాగినాం. నేనూ తాగినా. వద్దనుకున్నాగానీ, చెయ్యి ఆగలా."

చిన్నమ్మ ఎంగిలి చేత్తోనే కూర్చుండిపోయింది. "ఆ బిడ్డ తల్లి ఉండాదా?" అని అడిగింది. ఉంది. పోవాలనుకుంటూనే ఇన్నేళ్లూ పోలేదు. ఆ వారంలోనే చిన్నమ్మ ఆయన్ని బయల్దేరదీసింది.

అక్కడ జరిగింది చిన్నమ్మ వచ్చాక చెప్పింది. సున్నం వేసిన చిన్న ఇల్లు, గోడకు దండ వేసిన ఫోటో. ఎండన పడి వచ్చారని ఆ తల్లి ముందుగా చెంబుతో నీళ్లు తెచ్చి చేతికిచ్చింది. చిన్నాన్న చెంబు పట్టుకుని అక్కడే కూలబడి, చెప్పాల్సిందంతా చెప్పేశాడు. తన వంతుకు ఆమె కొడుకు పోయాడని కూడా. ఆమె ఫోటో వైపు చాలాసేపు చూసి, తమిళం కలిసిన తెలుగులో అడిగిందట: "ఆ తన్నీరు అందరికీ చాలిందా నాయనా?"

"చాలిందమ్మా."

"పారబోసుంటే నేను ఏడ్చుందును. తాగినారు గదా." అని, ఆయన చేతిలో చెంబు పైకెత్తి తాగించింది.

దాంతో అన్నీ సర్దుకున్నాయని చెప్పలేను. ఆయన బురదలో నిలబడలేక పొలం కౌలుకిచ్చేశాడు. గట్ల మీద నడిస్తే పక్కకు ఒరిగిపోయేవాడు. టపాకాయల పండగకు గదిలోంచి వచ్చేవాడు కాదు. కాకపోతే అన్నం మధ్యలో నీళ్లు తాగడం మొదలుపెట్టాడు, ఏడాదికోసారి తడ దాటి పోయి ఆ తల్లికి ఇంటికప్పు బాగుచేయించి వచ్చేవాడు. ఆమె పోయినప్పుడు కొరివి పెట్టింది ఆయనే.

చిన్నాన్న పోయి కొన్నేళ్లయింది. రేడియో లెక్కలో ఆ యుద్ధం త్వరగానే ముగిసింది. మా ఇంట్లో మాత్రం అది ఆయనతోపాటే తల నెరిసి, కర్ర పట్టుకుని, ముసలిదై పోయింది.